కప్లింగ్ బోగీకి పెట్టాలా, కోచ్ బాడీకి పెట్టాలా?

విజీనగరం_కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి, మాది విజయనగరం. డాబా మీద గదిలో 8 అడుగులు 4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ (నిజం బండిలో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్ వేసుకున్నాను, కర్వులన్నీ 438 మి.మీ. రేడియస్, స్టేషన్ దగ్గర ఒక క్రాసోవర్ (ఒక లైను నుంచి పక్క లైనుకి మారే చోటు). ప్లాస్టిక్ షీటు కోసి నాలుగు ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం కోచ్‌లు సొంతంగా కట్టాను, ఒక్కోటి 245 మి.మీ. కప్లింగ్‌లు, అంటే పెట్టెల్ని కలిపే కొక్కేలు, బోగీకే స్క్రూ వేశాను (బోగీ అంటే కింద నాలుగు చక్రాల ఫ్రేము, మొత్తం పెట్టె కాదు). ముందుకి లాగితే బాగానే వెళ్తాది. ఇంజను వెనక్కి నెడితేనే క్రాసోవర్ మీద మూడో కోచ్ ప్రతిసారీ పడిపోతోంది. కళ్ళు దగ్గర పెట్టి చూశాను, బోగీ కాస్త అడ్డం తిరిగి, చక్రం అంచు పట్టా ఎక్కి, ఒక్క జానెడు అలాగే నడిచి అప్పుడు దిగుతోంది. మా స్టేషన్లో నిజం కోచ్ చూస్తే స్క్రూ కప్లింగ్, బఫర్లు అన్నీ బాడీ చివరే ఉన్నాయి. నేనూ బాడీకి మార్చేయనా? పెయింట్ కూడా అయిపోయింది, మళ్ళీ కన్నాలు పెట్టాలంటే భయంగా ఉంది.

ఆమదాలవలస_లూప్‌లైన్:
తమ్ముడూ, డ్రిల్లు ముట్టుకోకు. నిజం బండికి బాడీ మీద సరిపోతాది, ఎందుకంటే మన బ్రాడ్‌గేజ్‌లో 175 మీటర్లకన్నా బిగువైన కర్వు వెయ్యరు, దాన్ని 87తో భాగిస్తే 2 మీటర్లు, నువ్వు వేసింది అరమీటరు కూడా లేదు. మామూలు కర్వులో రెండు కోచ్‌ల చివర్లూ ఒకే వైపుకి జరుగుతాయి కాబట్టి ఇబ్బంది తెలీదు, క్రాసోవర్ మీద ఒకటి ఎడమకి, ఇంకోటి కుడికి పోతాది, అక్కడే గొడవంతా. రెండు అట్టముక్కలు 245 మి.మీ. పొడవు కోసి, 170 మి.మీ. దూరంలో కన్నాలు పెట్టి బోగీల మీద కూర్చోబెట్టు, చివర మధ్యలో ఒక్కో అగ్గిపుల్ల అంటించి క్రాసోవర్ మీద తోసి చూడు, పుల్లలు ఎంత ఎడం అవుతాయో తెలుస్తాది. బాడీకి బిగించిన మామూలు కప్లింగ్ అంత పక్కకి తిరగదు. కోచ్ పొడవుకి మూడు రెట్లు, అంటే 735 మి.మీ. రేడియస్ ఉంటే అప్పుడు బాడీకి పెట్టు, నేనే వద్దనను.

బొబ్బిలి_వర్క్‌బెంచ్:
అన్నయ్య చెప్పింది కరక్టే గానీ బోగీకే ఉంచేస్తే నెట్టినప్పుడు పడడం ఆగదు కదండి, తోపు నేరుగా బోగీ కొనని తన్ని దాన్ని తిప్పేస్తోంది. ముందు తూకం చూడండి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) లెక్క 1 ఔన్సు, దానిమీద అంగుళానికి అర ఔన్సు, మీ కోచ్‌కి 165 గ్రాములు దాకా రావాలి. ప్లాస్టిక్ షీటుతో కట్టినవి అందులో సగం కూడా ఉండవు సాధారణంగా. బరువు ఫ్లోర్ మీదే అంటించండి, రూఫ్ కింద వద్దు.

ఇంక కప్లింగ్ సంగతి. ఆ నాలుగు కోచ్‌లూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి అంటే మధ్యలో కప్లింగ్‌లే వద్దు. బోగీ తిరిగే స్క్రూ ఎప్పుడూ పట్టాల మధ్యలోనే ఉంటాది, ఎంత కర్వైనా పక్కకి పోదు. ఆ స్క్రూకే, బోగీకీ ఫ్లోర్‌కీ మధ్యలో వాషరు వేసి, 1 మి.మీ. స్టీలు వైరుకి రెండు కొనలా చుట్టు చేసి తగిలించండి. చుట్టు నుంచి చుట్టుకి 85 మి.మీ., అంటే కోచ్‌ల మధ్య 10 మి.మీ. సందు, అంతకన్నా తగ్గిస్తే మీ కర్వులో లోపలి మూలలు గుద్దుకుంటాయి. తోపంతా స్క్రూ మీద పడతాది, బోగీ తిరగదు, బాడీకి ఒక్క కన్నం కూడా అక్కర్లేదు. ఇంజను వైపు చివర మాత్రం ఇప్పుడున్నదే ఉంచండి.

రాయగడ_లైన్:
కైనమాటిక్ మెకానిజం కూడా ఉంది, కర్వులో కప్లింగ్ బయటికి వచ్చి తిన్నటి లైన్లో లోపలికి పోతాది, చూడ్డానికి అదే అందం. కాకపోతే రెండు తలలూ కదలకుండా ఒక కడ్డీలాగ బిగుసుకోవాలి, ఫ్లోర్ కోసి గాడి తియ్యాలి. కొత్త కోచ్ కట్టినప్పుడు పెట్టుకో బాబూ, పెయింట్ అయినవాటికి వద్దు.

విజీనగరం_కుర్రోడు:
అగ్గిపుల్లలు 17 మి.మీ. ఎడం అయ్యాయి! చూసి భయమేసింది, బాడీకి పెట్టేసుంటే అన్నీ పోయేవి. కోచ్‌లు తూచితే ఒక్కోటి 78 గ్రాములే, సీసం ముక్కలు అంటించి 165కి తెచ్చాను. నిన్న రాత్రి వైర్లు తగిలించి 20 సార్లు వెనక్కి నెట్టాను, ఒక్కసారే పడింది, అదీ రెండో కోచ్ స్క్రూ మరీ బిగించేసి బోగీ తిరగక. అర చుట్టు వదులు చేశాక మళ్ళీ పడలేదు. బొబ్బిలి అన్నకి చాలా థాంక్స్, ఆ 10 మి.మీ. సందులో వెస్టిబ్యూల్‌కి (ఒక కోచ్ నుంచి ఇంకో కోచ్‌కి నడిచే దారికి) నల్ల కాగితం మడతలు పెట్టొచ్చా, కర్వులో నలిగిపోతాయా?