సామూహిక ఆన్‌లైన్ విమాన కార్యక్రమాలలో పాల్గొనే పైలట్లకు అర్హత నిబంధన ఉండాలా?

రాడార్‌తెర:

కంప్యూటర్ సిమ్యులేటర్లలో ఎగిరేవారినీ కంట్రోలర్లనూ ఆన్‌లైన్‌లో కలిపే వాట్‌సిమ్, ఐవీఏఓ వంటి నెట్‌వర్కులలో తరచుగా సామూహిక కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఒకే రోజున, కొద్ది గంటల వ్యవధిలో, వందల మంది తమ సిమ్యులేటర్లలో ఒకే విమానాశ్రయం వైపు ఎగిరి వస్తారు. ఆ విమానాలన్నిటినీ వరుసలో పెట్టి దించేవారు జీతభత్యాలు లేని స్వచ్ఛంద కంట్రోలర్లు. ఇటువంటి కార్యక్రమంలో పాల్గొనే పైలట్‌కు కనీస అర్హత ఏదైనా విధించాలా, లేక సభ్యత్వం ఉన్న ప్రతి ఒక్కరికీ చోటివ్వాలా అన్నది నా ప్రశ్న. విధించాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను.

వాట్‌సిమ్‌లో కంట్రోలర్ కావాలనుకునేవారు గ్రౌండ్ స్థానానికి (నేల మీది కదలికలు) ఎస్1, టవర్‌కు (రన్‌వే) ఎస్2, అప్రోచ్‌కు (విమానాశ్రయం చుట్టుపక్కల ఆకాశం) ఎస్3, ఆపైన విశాలమైన ఏరియా సెక్టారుకు సీ1 అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. ప్రతి మెట్టుకూ పాఠాలు, పర్యవేక్షణలో సాధన, పరీక్ష ఉంటాయి. ఇందుకు నెలలు పడుతుంది. పైలట్ మాత్రం చేరేటప్పుడు ఒక పరిచయ పాఠం చదివి చిన్న పరీక్ష రాస్తే చాలు, ఆ వారంలోనే అతి రద్దీగా ఉండే కార్యక్రమంలోకి రావచ్చు. పీ1 మొదలుకొని పైలట్ రేటింగులు ఉన్నా, వాటిని సాధించడం ఎవరి ఇష్టం వారిది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరిని అంతగా వడపోసి, రెండవవారిని ఏమీ అడగకపోవడం సమంజసంగా లేదు.

2020 ఆగస్టులో కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ విడుదలయ్యాక చాలామంది కొత్తవారు ఈ నెట్‌వర్కులలో చేరారు. వారు రావడం నాకు సంతోషమే. అయితే ఫైనల్‌కు (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారికి) పది మైళ్ల దూరంలో వేగం తగ్గించమన్నప్పుడు ఆ మాట తనకేనని గుర్తించని ఒక్క పైలట్ వల్ల, అతని ముందున్న విమానానికీ వెనుకనున్న విమానానికీ మధ్య కట్టిన వరుస మొత్తం చెదిరిపోతుంది. దాని ఫలితాన్ని అనుభవించేది రెండు మూడు గంటలు ఎగిరి వచ్చి, ఏ తప్పూ చేయకుండానే గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేచి చుట్టి రావడం) చేయవలసి వచ్చిన వెనుకటి పైలట్. ఆ పైలట్ కాలానికి కూడా విలువ ఉంది కదా.

తెల్లమబ్బు:

రాడార్‌తెర గారూ, మీ ఆవేదన అర్థమైంది గాని మీరు చూపిన మందు ఈ జబ్బుకు పనిచేయదని నా అభిప్రాయం. మొదటి సంగతి, పీ1 అనేది ప్రైవేటు పైలట్ స్థాయి రేటింగు. చిన్న విమానంలో, కంటికి కనిపించే నేలను బట్టి ఎగరడం అందులో ముఖ్యం. సామూహిక కార్యక్రమానికి వచ్చేవారిలో అత్యధికులు ఇన్‌స్ట్రుమెంట్ నియమాల కింద, అంటే పరికరాల ఆధారంగా, జెట్ విమానాలు నడుపుతారు. దానికి దగ్గరగా ఉండేది పీ2. అంటే పీ1 ఉన్న పైలట్ మీ వరుసను చెదరగొట్టడని నమ్మకం లేదు, ఏ రేటింగూ లేకుండా ఏళ్ల తరబడి శ్రద్ధగా ఎగురుతున్నవారిని మాత్రం ఆ నిబంధన బయట నిలబెడుతుంది. పైగా ఆ రేటింగులకు శిక్షణ ఇచ్చేవారు కూడా స్వచ్ఛంద సేవకులే. అందరినీ అటు తోస్తే వారి దగ్గర వరుస ఎంత పెరుగుతుందో ఊహించండి.

రెండవది నాకు ఇంకా ముఖ్యం. మామూలు రోజున మ్యాపు తెరిచి చూస్తే ఆకాశంలో ఎక్కువ భాగానికి కంట్రోలరే ఉండరు. 122.800 మీద యూనికామ్ అనే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో మన ఉద్దేశాన్ని మనమే ప్రకటించుకుంటూ వెళతాము. ఎక్కడో ఒక టవర్ తెరిచి ఉంటే అదృష్టం. డెలివరీ (మార్గానికి అనుమతి ఇచ్చే స్థానం) నుంచి గ్రౌండ్, టవర్, డిపార్చర్, ఏరియా, అప్రోచ్, మళ్లీ టవర్, గ్రౌండ్ దాకా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ సాగే పూర్తి ప్రయాణం కొత్తవారికి కచ్చితంగా దొరికేది ఇటువంటి కార్యక్రమాలలోనే. నేర్చుకోవడానికి అనువైన ఆ ఒక్క చోటునూ నేర్చుకున్న తరువాతే రమ్మంటే, కొత్తవారు ఎక్కడ నేర్చుకోవాలి?

స్లాట్‌పట్టిక:

నేను కార్యక్రమాలకు స్లాట్లు, అంటే ఒక్కొక్క విమానానికి ముందే నిర్ణయించిన సమయాలు, కేటాయించే పని చేస్తాను. ఇద్దరూ చెప్పినది విన్నాక నాకు తోచినది ఏమంటే, మనం వాదిస్తున్నది పైలట్ల యోగ్యత గురించి అయినా, నిజానికి కొరతగా ఉన్నది ఫ్రీక్వెన్సీ మీది నిమిషాలు. ఆ నిమిషాలను లెక్కపెట్టకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే లెక్క వేసి చూపుతాను.

దిగే విమానం ఫైనల్ మీద 140 నాట్ల (గంటకు 140 నాటికల్ మైళ్ల) వేగంతో వస్తోందని, రెండు విమానాల మధ్య 4 నాటికల్ మైళ్ల ఎడం ఉంచుతున్నామని అనుకుందాం. అప్పుడు ఒకదాని వెనుక మరొకటి సుమారు 103 సెకన్లకు వస్తుంది, అంటే గంటకు 35. ఆ ఎడాన్ని 3 మైళ్లకు తగ్గిస్తే గంటకు 46 వరకూ దించవచ్చు గాని, అది స్వచ్ఛంద కంట్రోలర్ నుంచి ఆశించదగిన అంకె కాదు. ఒకసారికి ఒకే రన్‌వేను వాడే లండన్ గాట్విక్‌లో, దిగేవీ ఎగిరేవీ కలిపి గంటకు గరిష్ఠంగా 55 విమానాల రాకపోకలు జరుగుతాయి. అయితే అక్కడ కూర్చునేది ఆ పనినే వృత్తిగా చేసుకున్నవారు, అటువైపు వినేది వృత్తి పైలట్లు.

ఇక మాట సంగతి. అప్రోచ్ ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చిన ప్రతి విమానానికీ తొలి పలకరింపు, ఎత్తు తగ్గించడం, వేగం, ఒకటి రెండు హెడింగులు (తిరగవలసిన దిశలు), అప్రోచ్ క్లియరెన్స్ (దిగే దారికి అనుమతి), టవర్‌కు అప్పగింత కలిపి, ఎంత పొదుపుగా మాట్లాడినా ఆరు ఆదేశాలకు తగ్గవు. ఆదేశానికీ దాని రీడ్‌బ్యాక్‌కూ (పైలట్ దాన్ని తిరిగి చెప్పడానికీ) కలిపి 12 సెకన్లు వేసుకుంటే, 35 విమానాలకు 42 నిమిషాలు ఖర్చవుతాయి. మిగిలిన 18 నిమిషాలే మన ఊపిరి. ఇప్పుడు ఆదేశాలలో సగం రెండవసారి చెప్పవలసి వచ్చిందనుకోండి, 63 నిమిషాలు కావాలి. గంటలో అన్ని నిమిషాలు లేవు. రాడార్‌తెర గారి వరుస చెదిరేది ఇక్కడే.

అదే రాకను గంటకు 28కి తగ్గించి చూడండి. ఆదేశాలకు 34 నిమిషాలు సరిపోతాయి. సగం ఆదేశాలు మళ్లీ చెప్పవలసి వచ్చినా 51 నిమిషాలు దాటవు. అంటే గంటకు ఏడు స్లాట్లు వదులుకుంటే ఏ పరీక్షా లేకుండానే కొత్తవారిని మనతో తీసుకుపోగలం. విమానం గాలిలోకి లేచాక దాన్ని ఆపడం కష్టం కనుక, బయలుదేరే చోటనే సమయం నిర్ణయించి ఆపాలి. నిజమైన విమానయానంలో ఐరోపాలో లెక్కించిన టేకాఫ్ సమయానికి 5 నిమిషాలు ముందు నుంచి 10 నిమిషాలు తరువాత దాకా వెసులుబాటు ఇస్తారు. మనం కూడా ఆ పద్ధతినే పాటించవచ్చు. అట్లాంటిక్ మీదుగా ఏడాదికి రెండుసార్లు, ఒకసారి తూర్పుకూ మరొకసారి పడమరకూ జరిగే క్రాస్ ది పాండ్ కార్యక్రమంలో బయలుదేరే సమయాన్నీ మార్గాన్నీ స్లాటుతోపాటే ముందుగా కేటాయిస్తారు. అంత పెద్ద కార్యక్రమం నిలబడడానికి ఆధారం ఆ పట్టికే.

రాడార్‌తెర:

స్లాట్‌పట్టిక గారూ, ఇంత వివరంగా లెక్క చూపినందుకు కృతజ్ఞతలు. పీ1 గురించి తెల్లమబ్బు గారు చెప్పినది కూడా సబబుగానే ఉంది. ఆ రేటింగును నిబంధనగా పెట్టమని ఇకపై అడగను. కానీ మీ లెక్కలోని ఏడు స్లాట్ల దగ్గర నాకు పేచీ ఉంది. వాటిని వదులుకుంటున్నది ఎవరు? ఐదు గంటల కార్యక్రమంలో అవి 35 స్లాట్లు. అంటే చార్టులు (విమానాశ్రయపు మార్గ పటాలు) చదివి, మార్గం సరిచూసుకొని, పేరు నమోదు చేసుకొని ఎదురుచూసిన 35 మంది, అరగంట చదువుకు ఓపిక లేనివారి కోసం బయట ఉండిపోవాలి. ఔదార్యం మంచిదే. దాని ఖర్చు మాత్రం సిద్ధపడి వచ్చినవారి మీద పడకూడదు.

అందువల్ల రేటింగుకు బదులు, ఆ కార్యక్రమానికే పరిమితమైన ఒక చిన్న పరీక్ష పెడదాం. ఆ విమానాశ్రయపు చార్టుల నుంచి కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏ రాక మార్గంలో ఏ ఎత్తు నియమం ఉంది, గో-అరౌండ్ చేస్తే ఎటు తిరగాలి వంటివి. చార్టులు ఎదుట పెట్టుకొనే రాయవచ్చు. చదివినవారు పావుగంటలో పూర్తి చేస్తారు. కొత్తవారైనా, పాతవారైనా, ఆ చార్టు విప్పి చూశారా లేదా అన్నదే అక్కడ తేలుతుంది.

మౌనపైలట్:

నాకు వినికిడి లోపం ఉంది. నేను అక్షరాలతోనే ఎగురుతాను. కంట్రోలర్ టైపు చేస్తారు, నేను టైపు చేసి రీడ్‌బ్యాక్ ఇస్తాను. నెట్‌వర్కు దీన్ని అనుమతిస్తుంది, ఫ్లైట్ ప్లాన్‌లో ఆ సంగతి ముందే తెలుస్తుంది. ఈ చర్చ ఎప్పుడు జరిగినా "మాట స్పష్టంగా ఉండాలి" అనే నియమం ఒకటి పక్క నుంచి వచ్చి చేరుతుంది కనుక ముందుగానే చెబుతున్నాను. నా రీడ్‌బ్యాక్ ఫ్రీక్వెన్సీ మీద ఒక్క సెకను కూడా తీసుకోదు. కంట్రోలర్ చేతివేళ్ల మీదా కళ్ల మీదా భారం పడుతుంది, అది కాదనను. స్లాట్‌పట్టిక గారు చెప్పినట్లు రాకను కొంచెం పలచబరిస్తే ఆ భారాన్ని మోయవచ్చు. రాడార్‌తెర గారు చెప్పిన చార్టు పరీక్ష నాకు అడ్డు కాదు. నోటితో జరిపే పరీక్ష ఏదైనా వస్తే మాత్రం నాకు తలుపు మూసుకుపోతుంది.

నీలిగగనం:

కొత్త పైలట్లకు పాఠాలు చెప్పేవారి వైపు నుంచి ఒక విషయం. చార్టు పరీక్ష చార్టు చదివారో లేదో చెబుతుంది గాని, రద్దీలో పైలట్ నిజంగా తడబడే చోటును అది అందుకోదు. ఆ చోటు హోల్డింగ్, అంటే గాలిలోనే చుట్టూ తిరుగుతూ వేచి ఉండడం. గంటకు దిగగలిగినదాని కంటే ఎక్కువ విమానాలు వచ్చినప్పుడు కంట్రోలర్ చేతిలో మిగిలే ఆయుధం అదే. వెయ్యేసి అడుగుల ఎడంతో ఒకరిపై ఒకరిని పేర్చి తిప్పుతారు. 14,000 అడుగుల వరకు చుట్టులోని ఒక్కొక్క తిన్నని భాగం నిమిషం, ఒక్కొక్క మలుపు సుమారు నిమిషం, మొత్తం చుట్టుకు నాలుగు నిమిషాలు. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ కొన్ని ఉచిత విమాన నమూనాలలో విమానపు కంప్యూటర్‌కు హోల్డింగ్ పేజీయే ఉండదు. పైలట్ హెడింగ్ మీటను తిప్పుతూ, గడియారం చూసుకుంటూ, గాలికి సరిదిద్దుకుంటూ చేతితోనే ఆ చుట్టు గీయాలి. ఆ పని ఎప్పుడూ చేయనివారు హోల్డింగ్ అనే మాట వినగానే ఫ్రీక్వెన్సీ మీద నిశ్శబ్దమైపోతారు. కంట్రోలర్ మూడు సార్లు పిలుస్తారు. స్లాట్‌పట్టిక గారి లెక్కలోని సెకన్లు అలా కరిగిపోతాయి.

దీనికి పరీక్ష కంటే మంచి ఉపాయం ఉంది. ఫ్లైట్ ప్లాన్‌లో రిమార్కుల కోసం ఒక గడి ఉంటుంది. హోల్డింగ్ చేయలేనివారు ఆ సంగతిని అక్కడ ముందే రాయాలని నియమం పెడదాం. వారిని హోల్డింగ్‌లో పెట్టకుండా కంట్రోలర్ హెడింగులతో చుట్టూ తిప్పి తెస్తారు, లేదా బయలుదేరే చోటనే మరికొంత సేపు ఆపుతారు. చేతకాదని చెప్పినందుకు ఎవరినీ తక్కువగా చూడకూడదు. కంట్రోలర్‌కు అత్యవసరమైనది ఆ నిజమే. గంటల తరబడి శిక్షణ ఇచ్చే నాకు, తెలియదని ముందే చెప్పే విద్యార్థి మీద ఉన్నంత నమ్మకం, అన్నీ తెలిసినట్లు తల ఊపే విద్యార్థి మీద ఉండదు.

తెల్లమబ్బు:

నీలిగగనం గారి ప్రతిపాదనను పూర్తిగా సమర్థిస్తున్నాను. రాడార్‌తెర గారి చార్టు పరీక్షకూ నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద. తప్పినవారు వెంటనే మళ్లీ రాయగలగాలి, ఎన్నిసార్లైనా. అప్పుడు అది చదివించే సాధనంగా ఉంటుంది. లేదంటే వడపోతే.

ఏడు స్లాట్ల విషయంలో మాత్రం నేను మెత్తబడలేను. సిద్ధపడి వచ్చినవారి కాలం విలువైనదని మీరన్నారు, నిజమే. కానీ ఇవాళ సిద్ధపడి వస్తున్న ప్రతి ఒక్కరూ ఒకనాడు ఏమీ తెలియకుండా ఎవరి వరుసలోనో దూరినవారే, ఆనాడు ఎవరో కంట్రోలర్ ఓపికగా రెండవసారి చెప్పబట్టే నిలబడినవారే. ఆ కంట్రోలర్లు కూడా జీతం లేకుండానే ఆ పని చేశారు. వారు ఇచ్చిన సెకన్లను వాడుకున్న మనం, మన వంతు వచ్చేసరికి వాటిని లెక్కపెట్టి దాచుకోవడం నాకు సమ్మతం కాదు.

స్లాట్‌పట్టిక:

రాబోయే కార్యక్రమానికి నేను పెట్టబోయే పద్ధతి ఇది. రాక గంటకు 28. స్లాటు తీసుకునేవారు చార్టు ప్రశ్నలకు జవాబులు రాయాలి. తప్పితే అప్పటికప్పుడే మళ్లీ రాయవచ్చు. హోల్డింగ్ చేయలేనివారు రిమార్కులలో ఆ మాట రాస్తారు, అక్షరాలతో ఎగిరేవారిని ఒకే పావుగంటలో గుంపుగా రానివ్వకుండా పట్టికలో ఎడంగా వేస్తాను. నోటి పరీక్ష ఉండదు. రన్‌వే మీద కనెక్ట్ కావడం, అరగంటకు మించి విమానాన్ని వదిలి వెళ్లడం వంటివి నెట్‌వర్కు నియమాలలో ఇప్పటికే నిషిద్ధం. వాటికి కొత్త నిబంధన అక్కరలేదు, సూపర్‌వైజర్‌ను పిలిస్తే చాలు.

మిగిలిన పేచీ ఒక్కటే. పిలిచినా పలకని పైలట్‌ను వరుసలోంచి తప్పించి చివరకు పంపే అధికారం అప్రోచ్ కంట్రోలర్‌కు ఇవ్వాలా, ఇస్తే ఎన్ని పిలుపుల తరువాత? నేను మూడు అంటాను. రాడార్‌తెర గారు రెండు అంటారని తెలుసు. ఆ స్థానంలో కూర్చునేది వారే కనుక, కారణం చెబితే రెండుకు ఒప్పుకుంటాను.

రాడార్‌తెర:

రెండే. మొదటి పిలుపు వినబడక పోవచ్చు, ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఏదీ సరిగా వినిపించదు కనుక దానికి ఎవరినీ తప్పుపట్టను. రెండవ పిలుపుకూ మూడవదానికీ మధ్య ఆ విమానం మరో మైలు ముందుకు వస్తుంది. మన ఎడమే నాలుగు మైళ్లు. చివరకు పంపిన పైలట్‌కు స్లాటు పోదని, వరుసలో చోటు మాత్రమే మారుతుందని పట్టికలో స్పష్టంగా రాయండి. 28కి నేను ఒప్పుకుంటున్నాను.