చెల్లి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోయింది, నేనేం చేయాలి?

పెద్దక్క, గుంటూరు:
మా చెల్లిని విజయవాడ ఇచ్చాం. సంక్రాంతి ముందు కమిలిన మొహంతో, బాబుని ఎత్తుకుని మా ఇంటికి వచ్చేసింది. పండగ వెళ్ళగానే మరిది వచ్చి అమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చాడు. మర్నాడే ఇది బ్యాగు సర్దుకుంది. మొదటిసారి కూడా కాదు. మా ఆయన "ఇంకోసారి వస్తే తలుపు తీయకు" అంటున్నారు. నాకూ ఒళ్ళు మండుతోంది. ఎంబీఏ చదివిన పిల్ల, ఎందుకిలా చేస్తోంది?

రమణ:
తనకి లేని బాధ మీకెందుకండీ. వదిలేయండి.

టీచరమ్మ, కరీంనగర్:
రమణ గారూ, బాధ లేకనా? నేనూ అలా తిరిగి వెళ్ళినదాన్నే. నా బంగారం అత్తగారి బీరువాలో, నా ఏటీఎం కార్డు ఆయన జేబులో. పాప బడి ఆ వీధి చివర. పుట్టింట్లో తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు, "ఆడపిల్ల వచ్చి ఇంట్లో కూర్చుంటే మనకి పిల్లనెవరిస్తారు" అని అమ్మ వంటింట్లో గొణుగుడు. పైగా కొట్టిన తర్వాత కొన్నాళ్ళు ఆయన నిజంగానే మంచిగా ఉండేవాడు, పాపకి జడ కూడా వేసేవాడు. అదే అసలు మనిషి, కొట్టించేది మందు అనుకునేదాన్ని. టెన్షన్ పెరగడం, కొట్టడం, బతిమాలడం, మళ్ళీ మొదటికి: లెనోర్ వాకర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1979లోనే ఇది రాశారట. కౌన్సెలర్ కాగితం మీద గీసి చూపిస్తే మా ఇంటి క్యాలెండర్ లాగే ఉంది.

నన్ను నిలబెట్టింది మా పిన్ని. ఎందుకు వెళ్ళావని అడగలేదు. ఆయన్ని తిట్టలేదు కూడా, తిడితే నేను ఆయన వైపే వాదించేదాన్ని. నా సర్టిఫికెట్లు, పాప బర్త్ సర్టిఫికెట్ జిరాక్సులు తన ట్రంకు పెట్టెలో దాచింది. ఫోన్లో "నిమ్మకాయ పచ్చడి కావాలి" అన్నానంటే బాబాయి ఆటో తీసుకుని బయలుదేరాలి, అదీ మా లెక్క.

అక్కా, ముందు మీ ఆయనతో ఆ తలుపు సంగతి తేల్చుకోండి. ఆ మాట చెల్లి చెవిన పడితే ఈసారి ప్రాణం మీదికొచ్చినా మీ గడప తొక్కదు.

పారా లీగల్ వాలంటీర్:
మీ మరిది ఎప్పుడైనా చెల్లి గొంతు పట్టుకున్నాడా? అలా జరిగుంటే ప్రాణాపాయం చాలా ఎక్కువ, దాన్ని మామూలు దెబ్బల్లో కలపకండి. విడిచి వచ్చే రోజులు కూడా ప్రమాదమే, ఎప్పుడొస్తుందో ఆయనకి ముందే తెలియకూడదు. అర్ధరాత్రయినా మహిళల హెల్ప్‌లైన్ 181 పలుకుతుంది, ఇప్పటికిప్పుడు ప్రమాదమైతే పోలీసుల సాయానికి 112. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో కొద్ది రోజులు ఉండనిస్తారు. 2005 గృహ హింస చట్టం కింద, ఇల్లు ఆయన పేరున ఉన్నా ఆమెని వెళ్ళగొట్టడానికి లేదు. బంగారం తిరిగి ఇప్పించమని కూడా మేజిస్ట్రేటును అడగొచ్చు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి చేయండి. కేసు పెట్టాలా వద్దా అన్నది మాత్రం తననే తేల్చుకోనివ్వండి.

పెద్దక్క, గుంటూరు:
మెడ మీద గీతలు చూశాను. బాబు గీరాడంది. తన ఫోన్ మరిది చూస్తాడు, ఎలా అడగను?

పారా లీగల్ వాలంటీర్:
ఫోన్లో వద్దండీ, మెసేజ్ అసలే వద్దు. ఆయన డ్యూటీకి వెళ్ళాక మీరే వెళ్ళండి. మింగడం కష్టంగా ఉందా, గొంతు మారిందా అని అడగండి. అవునంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి, పైకి ఏమీ కనపడకపోయినా లోపల వాపు ఉండొచ్చు. ఎలా తగిలిందో డాక్టర్‌ని చీటీలో రాయమనండి.