1969 కెమారో జెడ్/28: బండి అసలుదేనా, అడిగిన ధర ఇవ్వవచ్చా?

నోవై వాసి:

అందరికీ నమస్కారం. మిషిగన్‌లోని నోవైలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌కు మా అబ్బాయిని తీసుకుని వెళ్లి, రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని పాత బండ్లు చూడటం మాకు అలవాటు. అలా చూడగా చూడగా 1969 షెవ్రొలే కెమారోలో జెడ్/28 అనే వేగవంతమైన రకం బండి ఒకటి సొంతం చేసుకోవాలన్న కోరిక ముదిరింది. ఒహాయోలో, డేటన్ దగ్గర ఒకాయన తన బండి అమ్మకానికి పెట్టారు. ఇది నంబర్లన్నీ కలిసిన అసలైన జెడ్/28 అని, ఇంజన్ బండితో పుట్టినదేనని ఆయన గట్టిగా చెబుతున్నారు, ధర కూడా అదే ధీమాతో అడుగుతున్నారు.

పోయిన ఆదివారం వెళ్లి చూసి, కనిపించినవన్నీ రాసుకుని వచ్చాను. డాష్‌బోర్డు మీది విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) 124379ఎన్ అని మొదలై, తర్వాత ఆరు అంకెలు ఉన్నాయి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్ల భాగానికీ మధ్య ఉండే ఇనుప గోడ) మీది ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న రేకుపై 04సీ, ఎక్స్33 అని, రంగు కోడు 71 అని ఉంది. ఇంజన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్డుకు ముందున్న చదునైన ప్యాడ్ మీద వీ0507డీజెడ్ అని ఒక వరుస, దాని పక్కన 19ఎన్ తర్వాత విన్ నంబరులోని అవే ఆరు అంకెలు ఉన్నాయి. గేర్‌బాక్సు నాలుగు గేర్ల మన్సీ. బండికి నారింజ రంగు వేసి, తెల్ల చారలు కొట్టించారు. కాగితాల విషయానికి వస్తే 1994 నుంచి దాచిన రసీదుల ఫైలు తప్ప, కొత్తలో బండితో ఇచ్చిన పత్రాలేవీ లేవు. ఇంటర్నెట్‌లో చరిత్ర నివేదిక తీద్దామంటే ఆ సైటు పదమూడు అంకెల నంబరును ఒప్పుకోలేదు.

విన్ నంబరూ ఇంజన్ నంబరూ కలిశాయి కాబట్టి ధైర్యం చేయవచ్చా, లేక ఇంకా చూడవలసినవి ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ అల్లుడు:

నోవై వాసి గారూ, మీరు ఇంత శ్రద్ధగా నంబర్లు రాసుకుని రావడం మంచిదయింది, ఎందుకంటే తేడా మీ కాగితంలోనే ఉంది. దాని దగ్గరకు రావడానికి ముందు విన్ నంబరు సంగతి చెబుతాను. అందులో మొదటి 1 అంటే షెవ్రొలే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఉన్న కెమారో, 37 అంటే రెండు తలుపుల కూపే, 9 అంటే 1969 మోడల్, ఎన్ అంటే సిన్సినాటి పక్కన ఉండే నార్‌వుడ్ ఫ్యాక్టరీ. అంతకు మించి ఆ నంబరు ఏమీ చెప్పదు. అతి మామూలు వీ8 కూపేకూ, జెడ్/28కూ మొదటి ఏడు అక్షరాలు ఒకటే. 1981కి ముందు పదిహేడు అంకెల పద్ధతి లేదు కనుక చరిత్ర నివేదిక రాకపోవడంలో కూడా వింతేమీ లేదు.

మీ బండి జెడ్/28 అనడానికి ఉన్న బలమైన ఆధారం ట్రిమ్ ట్యాగ్ మీది ఎక్స్33. నార్‌వుడ్‌లో 1968 డిసెంబరు ప్రాంతం నుంచి ఈ ఎక్స్ కోడ్లు కొట్టడం మొదలుపెట్టారు. ఎక్స్33 అంటే బయటి అలంకరణ ప్యాకేజీతో వచ్చిన జెడ్/28, ఎక్స్77 అంటే ఆ అలంకరణ లేని జెడ్/28. అదే లాస్ ఏంజెలెస్ ఫ్యాక్టరీ బండి అయి ఉంటే ట్యాగ్ మీద ఈ కోడే ఉండేది కాదు, మనం చీకట్లో తడుముకోవలసి వచ్చేది. అయితే ట్రిమ్ ట్యాగులను కొత్తగా చేసి అమ్మేవారు ఉన్నారు కాబట్టి ట్యాగ్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేము.

ఇక అసలు విషయం. ట్యాగ్ మీది 04సీ అంటే ఆ బాడీ ఏప్రిల్ మూడో వారంలో తయారైందని అర్థం. ఇంజన్ మీది వీ0507డీజెడ్‌లో వీ అంటే ఫ్లింట్ ఇంజన్ ఫ్యాక్టరీ, 0507 అంటే మే 7, డీజెడ్ అంటే 1969 జెడ్/28లో వచ్చిన 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్. ఏప్రిల్ మూడో వారంలో తయారైన బండిలోకి మే 7న బిగించిన ఇంజన్ ఎలా వెళుతుంది? పెళ్లి ఏప్రిల్‌లో జరిగితే పెళ్లికొడుకు మేలో పుట్టాడన్నట్టు ఉంది. ఇంజన్ తేదీ బాడీ తేదీ కంటే కొన్ని రోజులో వారాలో ముందు ఉండాలి కానీ వెనుక ఉండకూడదు. వారంటీ కింద ఇంజన్ మార్చారని అమ్మేవారు అనవచ్చు. అలా మార్చిన ఇంజన్ల మీద సాధారణంగా సీఈ అనే అక్షరాలతో స్టాంపు ఉంటుంది, ఇలా కొత్త డీజెడ్ కోడు పక్కన బండి నంబరు ఉండదు.

కాబట్టి మళ్లీ ఒకసారి వెళ్లండి. మన దగ్గర బండి పేరు మార్చేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు కదా, ఆ పనే ఇక్కడా చేయండి. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని చదును చేసే బ్రోచింగ్ యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు వదులుతుంది. అవి ప్యాడ్ అంతటా ఒకేలా ఉండాలి, అక్షరాలు వాటి మీద పడి ఉండాలి. గీతలు లేకుండా నున్నగా ఉన్నా, అడ్డదిడ్డంగా ఆకురాయి పెట్టినట్టు ఉన్నా, ఎవరో చెరిపి మళ్లీ కొట్టారన్నమాట. 1969లో కొన్ని బండ్లకు విన్ అంకెలను ప్యాడ్ మీద కాక, ఆయిల్ ఫిల్టర్ పైన గరుకుగా ఉండే పోత మీద కొట్టారు. అక్కడ యాభై ఏళ్ల మడ్డి పేరుకుని ఉంటుంది, దాన్ని శుభ్రం చేయకుండా తిరిగి రాకండి. బ్లాకు వెనుక భాగంలో, గేర్‌బాక్సు బిగించే అంచు దగ్గర పోత పోసిన తేదీ ఉంటుంది. అక్షరం నెలను, తర్వాతి అంకె రోజును, చివరి అంకె సంవత్సరాన్ని చెబుతాయి. పోత సంఖ్యను చూసి మాత్రం సంబరపడకండి, 302కు వాడిన బ్లాకు పోత సంఖ్యలు 350 ఇంజన్లకూ ఉన్నాయి.

బాడీ మీద విన్ అంకెలు కొట్టిన చోట్లు మరో రెండు ఉన్నాయి. అద్దం కింది కౌల్ జాలీ తీస్తే ఒకటి కనిపిస్తుంది, హీటర్ బ్లోయర్ పెట్టె వెనుక ఫైర్‌వాల్ మీద ఇంకొకటి ఉంటుంది. డాష్ మీది ప్లేటుకు పువ్వు ఆకారంలో తలలున్న రివెట్లు ఉన్నాయో లేదో కూడా గమనించండి. 1969 కెమారో బాడీని మొత్తంగా కొత్తగా తయారుచేసి అమ్ముతున్న కాలం ఇది, కాబట్టి ప్లేటు ఒక బండిది, ఇనుము ఇంకొకటిది కాకుండా చూసుకోవాలి. విన్ ప్లేటును తీయడం, మార్చడం ఫెడరల్ నేరం కూడా.

పాత బండ్ల పిచ్చి:

పై సమాధానానికి కాగితాల సంగతి కలుపుతాను. ఆ రోజుల్లో షెవ్రొలే వారు వారంటీ పుస్తకంతో పాటు ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు బిళ్ల ఇచ్చేవారు. దాని మీద విన్ నంబరు, ఇంజన్, గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ కోడ్లు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండేవి. ఇప్పుడు దానికీ నకళ్లు వస్తున్నాయి, అందుకే పుస్తకంతో కలిసి, పాత యజమాని పేరుతో సహా ఉన్నదానికే విలువ ఎక్కువ. ఫ్యాక్టరీలో పనివారు చూసుకుంటూ బండి బిగించిన షీటు పెట్రోలు ట్యాంకు పైనో, సీటు స్ప్రింగుల మధ్యనో ఇరుక్కుని దొరికిన సందర్భాలు ఉన్నాయి. ట్యాంకు ఎప్పుడూ దించలేదని రసీదుల వల్ల తేలితే అక్కడ వెతికించడం వృథా కాదు.

కెమారో విషయంలో ఉన్న చిక్కేమిటంటే, అమెరికాలో అమ్మిన బండ్లకు ఏ ఆప్షన్లతో తయారైందో చెప్పే కంపెనీ రికార్డు అందుబాటులో లేదు. మొదట కెనడాలో అమ్ముడైన బండి అయితే షెవ్రొలే మాతృసంస్థ జీఎం కెనడా శాఖ వారి దగ్గర పత్రం దొరుకుతుంది. పాంటియాక్ జీటీవో అయితే పీహెచ్ఎస్ సంస్థ బిల్లు నకలు ఇస్తుంది, 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కు మార్టీ రిపోర్టు ఉంది. క్రైస్లర్ వారి బండ్లలో అయితే ఇంజన్ కోడు విన్ నంబరులోనే ఉంటుంది, 1970, 1971 మోడళ్లలో ఐదో స్థానంలో ఆర్ ఉంటే 426 హెమీ ఇంజన్ అని అర్థం. నేను స్వయంగా కెమారో ఆశ వదులుకుని జీటీవో వైపు వెళ్లడానికి ఈ పత్రాల గొడవే కారణం. మీ అబ్బాయి మనసు కెమారో మీదే ఉంటే నా మాట పట్టించుకోకండి.

రంగు గురించి ఎవరూ అనలేదు. 71 అంటే లెమాన్స్ బ్లూ, హగ్గర్ ఆరెంజ్ అయితే 72 ఉండాలి. అంటే నీలం బండికి నారింజ పూశారు. అది మోసం కాదు కానీ ధర తగ్గించే విషయం. పైగా కొత్త రంగు కింద లప్పం ఎంత ఉందో చూడాలి. అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లి వెనుక చక్రాల పైభాగం, వెనుక అద్దం అంచులు, డిక్కీ నేల మూలలు తడమండి. పట్టవలసిన చోట పట్టకపోతే అక్కడ ఇనుము లేదన్నమాట.

నోవై వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ వెళ్లి వచ్చాను. అమ్మే ఆయన కాదనలేదు, బండిని లిఫ్టు మీద కూడా ఎక్కించారు. కెమారో రీసెర్చ్ గ్రూప్ వారి పట్టికలో చూస్తే మా విన్ నంబరు ఏప్రిల్‌లోనే పడుతోంది, కాబట్టి ట్యాగ్ తేదీ సరైనదే. కౌల్ జాలీ కింది అంకెలు విన్ నంబరుతో కలిశాయి, అక్కడ మూలల్లో పాత నీలం రంగు కూడా అలాగే ఉంది. వెనుక యాక్సిల్ పన్నెండు బోల్టులది, దాని మీద యాక్సిల్ రకాన్ని చెప్పే బీయూ కోడు, ఏప్రిల్ తేదీ ఉన్నాయి.

ఇంజన్ దగ్గరే కథ తిరిగింది. పెన్సిల్ ప్రింటులో వీ0507డీజెడ్ కింద సన్నని గీతలు వరుసగా వచ్చాయి, దాని పక్కన మా బండి అంకెలు ఉన్నచోట మాత్రం కాగితం తెల్లగా, నున్నగా వచ్చింది. పోత తేదీ ఈ 2 9, అంటే మే 2. ఆ తర్వాత టూత్‌బ్రష్షు, బ్రేక్ క్లీనరు పట్టుకుని ఆయిల్ ఫిల్టర్ పైన దాదాపు అరగంట రుద్దాను. మడ్డి పోయాక 19ఎన్ అని, ఆ తర్వాత మా బండివి కాని ఆరు అంకెలు బయటపడ్డాయి. ఫోన్ టార్చి పట్టుకుని నిలబడిన అమ్మే ఆయన ముఖం చూస్తే, ఆయనకూ ఈ సంగతి తెలియదనే నాకు అనిపించింది. ఆయన 2009లో ఈ బండిని ఇలాగే నమ్మి కొన్నారట.

ఆటోనగర్ అల్లుడు:

అయితే బండి అసలైన జెడ్/28 అనే నా అభిప్రాయం, ఇంజన్ మాత్రం మరో జెడ్/28 నుంచి వచ్చింది. ఒకే బ్లాకు మీద రెండు బండ్ల నంబర్లు ఉన్నాయంటే రెండోది తర్వాత ఎవరో కొట్టినదే. డీజెడ్ ఇంజన్ 1969లో వీ8 కూపేలోనే వచ్చింది కనుక ఆ రెండో బండి పూర్తి విన్ నంబరును మీరే రాసుకోవచ్చు: 124379ఎన్ పక్కన ఆ ఆరు అంకెలు చేర్చండి చాలు. డబ్బు చేతులు మారకముందే ఆ నంబరు దొంగిలించిన బండ్ల రికార్డులో ఉందేమో స్థానిక పోలీసుల ద్వారా కనుక్కోండి. లేదని తేలితే ఆ బండి యజమాని తన ఇంజన్ కోసం ఎక్కడో వెతుక్కుంటూ ఉండవచ్చు కూడా.

లెక్కల మాస్టారు:

ఇప్పుడు ధర మాట్లాడుకోవచ్చు. 1969లో 20,302 జెడ్/28లు తయారయ్యాయి, 1967లో తయారైనవి 602 మాత్రమే. కాబట్టి 1969 బండి దొరకనిది కాదు, తొందరపడి కొనవలసిన అవసరం మీకు లేదు. ఈ మోడల్‌కు బజారులో మూడు ధరలు నడుస్తాయి. సొంత ఇంజన్, పత్రాలు రెండూ ఉన్న బండి ఒకటి, అసలు జెడ్/28 అయినా ఇంజన్ మారినది రెండోది, మామూలు కెమారోకు గుర్తులు అతికించి తయారుచేసినది మూడోది. అమ్మే ఆయన మొదటి ధర అడుగుతున్నారు, బండి రెండో గుంపులో ఉంది. దానిలోనూ పత్రాలు లేవు, రంగు మారింది, ప్యాడ్ మీద దొంగ స్టాంపు ఉంది. కాలానికి సరిపోయే ఇంజన్ అని నిజాయితీగా చెప్పి అమ్మే బండి కంటే, తప్పుడు స్టాంపు ఉన్న బండికి రేపు మీరు అమ్మబోయేటప్పుడు ఎక్కువ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

పాత బండ్లకు బీమా ఇచ్చే హేగర్టీ వారి ధరల పట్టికలో బండి స్థితిని 1 నుంచి 4 వరకు విభజిస్తారు. ప్రదర్శనకు పెట్టే స్థాయి 1, రోజూ తిరగగల సాధారణ స్థితి 4. అందరూ తమ బండి 2 అనుకుంటారు, లిఫ్టు మీద ఎక్కిస్తే చాలావరకు 3లో తేలుతుంది. ప్రకటనల్లో అడిగే ధరలు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి, వాటిలో కొన్నవారు కట్టే కమిషను కలిసి ఉందో లేదో గమనించండి. మిషిగన్‌లో మీరు కట్టే 6 శాతం అమ్మకపు పన్ను కూడా లెక్కలో వేసుకోండి. బీమా తీసుకునేటప్పుడు ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ అడగండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున దాన్ని యాభై ఏళ్ల పాత కారుగా లెక్కకడతారు.

నోవై వాసి:

పోలీసుల దగ్గర ఆ రెండో నంబరు మీద ఫిర్యాదేమీ లేదని ఈ రోజు మధ్యాహ్నం తెలిసింది. మాస్టారు చెప్పిన రెండో ధరలోనూ కొంత తగ్గించి నా మాట చెప్పాను. ఇంజన్ మీది రెండు నంబర్లనూ అమ్మకపు పత్రంలో రాసి సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. ధర విషయం ఇంట్లో మాట్లాడుకుని శనివారం చెబుతానన్నారు.