‘గ్రేట్ రీప్లేస్‌మెంట్’: ఛీ అన్న మాట నట్టింటికి ఎలా వచ్చింది?

కృష్ణాతీరం:
నిన్న మా కుటుంబ వాట్సాప్ బృందంలో టెక్సస్‌లో ఉంటున్న బంధువు ఒకాయన ఒక వీడియో పెట్టారు. తెల్లవారిని మైనారిటీగా చేసి, వారి స్థానంలో వలసదారులను నింపాలని పెద్దలు కుట్ర పన్నారని దాని సారాంశం. పెట్టినాయన కూడా వలస వెళ్లినవారే! ఈ సిద్ధాంతానికి ఆ పేరు తెచ్చింది ఫ్రెంచి రచయిత రెనో కామూ, 2011లో. 2017 ఆగస్టులో అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకున్న తెల్లజాతి వాదుల గుంపు ‘మీరు మా స్థానం తీసుకోలేరు’ అని అరిచింది. ‘మీరు’ అన్నచోట ‘యూదులు’ అని కూడా అరిచింది. అప్పుడు అందరూ ఛీ అన్నారు. నాలుగేళ్లు నిండకుండానే, 2021 ఏప్రిల్‌లో, అమెరికా టీవీ చానెల్ ఫాక్స్ న్యూస్‌లో వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ దాదాపు అదే మాటను ఇస్త్రీ చేసి చెప్పారు. ఇంత తొందరగా ఎలా జరిగింది?

డాలస్ శాస్త్రి:
అమ్మా, సరిహద్దు గురించి నోరు విప్పితే చాలు, నాజీ ముద్ర వేసేస్తున్నారు. నేను 2009లో వచ్చాను. ఒక్క ఏడాది పన్ను ఎగ్గొట్టలేదు. 2012 నుంచి గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్నాను. ఏ దేశంలో పుట్టినవారికైనా ఏటా ఏడు శాతం కార్డులే కాబట్టి, భారతదేశంలో పుట్టిన పాపానికి ఇంకా ఎన్నేళ్లో తెలియదు. సరిహద్దు దాటి వచ్చినవారికేమో న్యూయార్క్‌లో హోటల్ గదులు ఇచ్చారు. ఇదేమిటని అడిగితే కుట్ర సిద్ధాంతమా?

లెక్కల మాస్టారు:
చిన్న సవరణ. కామూ హింసను సమర్థించలేదు, ఖండించారు. అది చెప్పకపోతే అన్యాయం.

కృష్ణాతీరం:
ఖండించారు మాస్టారూ, కాదనను. ముస్లింలపై ద్వేషం రెచ్చగొట్టినందుకు 2014లో ఫ్రెంచి కోర్టు ఆయనకు జరిమానా వేసింది, అదీ చెప్పుకోవాలి. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు తన ప్రకటనకు పెట్టుకున్న పేరు ఇదే. అదే మాట పట్టుకున్నవాళ్ల చేతుల్లో, అదే ఏడాది ఆగస్టులో టెక్సస్‌లోని ఎల్ పాసోలో 23 మంది చనిపోయారు. 2022 మేలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పదిమంది నల్లజాతివారు. వాళ్లు వలసదారులు కూడా కారు, తరతరాలుగా ఆ దేశస్థులే.

శాస్త్రి గారూ, నేను అడిగింది మీ వరుస గురించి కాదు, మాట వేషం మార్చడం గురించి. మా చిన్నప్పుడు పగటివేషాలవాళ్లు రోజుకో వేషంతో ఇంటి ముందుకు వచ్చేవారు. మనిషి మాత్రం అతడే. ఇదీ అంతే. అతివాదుల గుంపుల్లో ‘యూదులు చేయిస్తున్నారు’. కామూ దగ్గరికి వచ్చేసరికి యూదులు పోయి ‘పెద్దలు’ వచ్చారు. టీవీకి ఎక్కేసరికి జాతి పోయి ‘ఓటర్లు’ వచ్చారు. ఓటర్లు అన్న మాటకు ఎవరు ఉలిక్కిపడతారు? కార్ల్‌సన్ 400కు పైగా కార్యక్రమాల్లో ఈ వాదాన్ని వినిపించారని 2022లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది. 2023 డిసెంబరులో వివేక్ రామస్వామి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థుల చర్చలో నిలబడి ఇది కుట్ర సిద్ధాంతమే కాదు, డెమొక్రాట్ల విధానమే అన్నారు. ఆయన కేరళ నుంచి వెళ్లిన దంపతుల కొడుకు!

పల్లెటూరి పిల్లాడు:
మాస్టారి సవరణకు సవరణ పడింది. అందరూ సర్దుకుని కూర్చోండి.

డాలస్ శాస్త్రి:
ఓట్ల కోసం పార్టీలు ఏదైనా చేస్తాయని మీకు నేను చెప్పాలా? మన ఊళ్లలో జాబితాల్లోకి ఎక్కిన దొంగ ఓట్లు చూడలేదా? జనాభా మారుతోంది, అది మనకే లాభమని డెమొక్రాట్ల వైపువారే ఇరవై ఏళ్ల కిందట రాసుకున్నారు. వాళ్లు రాస్తే విశ్లేషణ, మేము అంటే విషమా?

లెక్కల మాస్టారు:
ఎల్ పాసో మృతులు మొదట 22. గాయపడిన మరొకరు 2020లో చనిపోవడంతో 23 అయింది.

కృష్ణాతీరం:
రాసుకున్నారు, నిజం. కానీ ‘మారడం’ వేరు, ‘మార్చడం’ వేరు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క అక్షరంతో ఎంత తేడా వస్తుందో నాకు తెలుసు. జనాభా మారుతోందంటే లెక్క. ఎవరో మారుస్తున్నారంటే కుట్ర. పైగా పౌరసత్వం లేనివారు అక్కడ దేశస్థాయి ఎన్నికల్లో ఓటు వేయరాదు. గ్రీన్ కార్డు వచ్చాక కూడా మామూలుగా అయిదేళ్లు ఆగాలి. మీరే చెప్పండి, 2009 నుంచి మీరు వేసిన ఓట్లెన్ని?

డాలస్ శాస్త్రి:
పుండు మీద కారం చల్లుతున్నారు. మీకు బెజవాడలో ఫ్యాను కింద కూర్చుని మాకు పాఠాలు చెప్పడం తేలిక. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరొకటి దొరక్కపోతే పెట్టె సర్దుకోవలసిన బతుకు మాది.

కృష్ణాతీరం:
ఫ్యాను కిందే కూర్చున్నాను. మా అబ్బాయి కాన్సస్‌లో ఉన్నాడు. 2017 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలోని ఒలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును ‘నా దేశం విడిచి పో’ అంటూ కాల్చి చంపారు. చంపినవాడు అతణ్ని ఇరానీయుడనుకున్నాడట. ఏ వీసా మీద ఉన్నారని అడిగాడట కూడా. చట్టప్రకారం వచ్చిన వీసా అతణ్ని ఆపలేదు. ఆ వారం నుంచి మావాడు బయట ఉన్నప్పుడు నాతో తెలుగులో మాట్లాడడు. ‘అమ్మా, తర్వాత చేస్తాను’ అని ఇంగ్లీషులో అంటాడు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత విషయాలు తగ్గించండి. ఇద్దరికీ చెబుతున్నాను.

డాలస్ శాస్త్రి:
తగ్గించను. అసలు సంగతి చెప్పేస్తాను. మేము వాళ్లం కాదమ్మా. చదువుకుని, చట్టప్రకారం వచ్చాం. ఆ వీడియోలో చెప్పేది మా గురించి కాదు. మమ్మల్ని తీసుకెళ్లి వాళ్లతో కట్టేస్తున్నది మీలాంటివారే.

కృష్ణాతీరం:
నేను కడుతున్నానా? 2024 డిసెంబరులో భారత సంతతి శ్రీరామ్ కృష్ణన్‌ను ఏఐ సలహాదారుగా ట్రంప్ ఎంచుకోగానే నిపుణ ఉద్యోగులకిచ్చే హెచ్‌-1బి వీసా మీద రేగిన గొడవ మీరు చూడలేదా? అప్పుడు తిట్లు తిన్నది ఎవరు, చట్టప్రకారం వెళ్లినవారు కారా?

డాలస్ శాస్త్రి:
చూశాను. ఆ వారం మా అమ్మాయి బడి నుంచి వచ్చి ‘మనం ఎప్పుడు వెనక్కి వెళ్తాం నాన్నా’ అని అడిగింది. అది పుట్టింది ఇక్కడే. ఏమి చెప్పాలో తెలియక టీవీ పెట్టాను. అయినా సరిహద్దు సంగతి సరిహద్దు సంగతే.

పల్లెటూరి పిల్లాడు:
కృష్ణాతీరం గారూ, కోపం తెచ్చుకోకండి. ఒడిశా, బిహార్ కూలీలు దిగి కట్టడం పనుల్లో మనవాళ్లకు చోటు లేకుండా చేస్తున్నారని పోయిన నెల ఇక్కడే రాసింది మీరే కదా?

కృష్ణాతీరం:
రాశాను. పని గురించి రాశాను. కుట్ర అనలేదు.

డాలస్ శాస్త్రి:
నేనూ వరుస గురించే రాశాను.

లెక్కల మాస్టారు:
ఆ పోస్టు పోయిన నెలది కాదు. అంతకు ముందు నెలది.