యునైటెడ్‌ని ముంచింది గ్లేజర్ల అప్పా, మనోళ్ళ చేతకాని షాపింగా?

స్ట్రెట్‌ఫర్డ్_శీను (టాపిక్ మొదలెట్టినవాడు)

2025 సెప్టెంబర్లో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ 2024-25 లెక్కలు బయటపెట్టింది కదా, ఆదాయం 666.5 మిలియన్ పౌండ్లు, క్లబ్ చరిత్రలోనే రికార్డు, అదీ లీగ్‌లో 15వ ప్లేస్‌లో ఏడ్చిన సీజన్లో. అయినా 33 మిలియన్ నష్టం. అంతకుముందు ఏడాది 113 మిలియన్ నష్టం. మా రూమ్మేట్ ఉన్నాడు, వాడూ యునైటెడే, ఏం జరిగినా ఒకటే పాట, "గ్లేజర్లు అప్పు నెత్తిన పెట్టారు మామా ఇంకేం బాగుపడతాం" అని. నిన్న రాత్రి రెండింటిదాకా దీని మీదే గొడవ. నేనొప్పుకోను. గ్లేజర్ల కుటుంబం క్లబ్‌ని కొన్న 2005 నుంచీ అప్పు ఉంది. మరి 2007, 2008, 2009, 2011, 2013 లీగ్ ఎవరు కొట్టారు? 2008లో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఎవరిది? అప్పట్లో వడ్డీ ఇప్పటికన్నా ఘోరం. అప్పే కారణమైతే అప్పుడే మునగాలిగా. నన్నడిగితే మనల్ని ముంచింది పోగ్బాకి 89, మగ్వైర్‌కి 80, ఆంటొనీకి 80 పైన, సాంచోకి 73 మిలియన్లని ఆటగాళ్ళని కొనడానికి రాసిన చెక్కులు. కాదనేవాళ్ళు లెక్కతో రండి, ఊరికే "గ్లేజర్స్ అవుట్" అని రాసి పోవద్దు.

కరీంనగర్_కీన్

గ్లేజర్స్ అవుట్.

లెక్కల_రాయుడు

శీనూ, చెక్కుల గురించి నువ్వన్నది కరెక్టే, అప్పు గురించే తేలిగ్గా తీసేశావ్. నేను ఆడిట్ ఫీల్డ్‌లో ఉన్నా కాబట్టి కొంచెం చాదస్తంగా చెప్తా, ఓపిక పట్టండి.

2005 ముందు యునైటెడ్‌కి అప్పు లేదు, లండన్ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ, బోలెడు లాభాలు. మాల్కం గ్లేజర్ దాన్ని దాదాపు 790 మిలియన్ పౌండ్లకి కొన్నాడు, అందులో 500 మిలియన్ పైచిలుకు అప్పే. అప్పు చేసి కొనడం తప్పు కాదు, మనమందరం ఇల్లు అలాగే కొంటాం. ఇక్కడ తేడా ఏంటంటే ఆ అప్పులో పెద్ద వాటా తెచ్చి క్లబ్ నెత్తినే పెట్టారు. పెళ్ళికూతురి నగలే తాకట్టు పెట్టి పెళ్ళి ఖర్చు లాగించి, ఆ తాకట్టు వడ్డీ కూడా ఆ అమ్మాయి జీతంలోంచే కట్టించినట్టు. ఇంకో వాటా హెడ్జ్ ఫండ్ల (పెద్ద పెట్టుబడి సంస్థల) దగ్గర తెచ్చారు, దానికి వడ్డీ 14 శాతం పైన, ఏటా కట్టక్కర్లేదు, అసలుకే కలిసిపోతూ ఉంటుంది, 2010లో అది 16 దాటింది. మన ఊళ్ళో ఫైనాన్స్ వ్యాపారం చేసేవాళ్ళు కూడా సిగ్గుపడాలి.

వడ్డీలు, ఫీజులు, తర్వాత గ్లేజర్లు తీసుకున్న డివిడెండ్లు అన్నీ కలిపితే ఇన్నేళ్ళలో బిలియన్ పౌండ్లు దాటిపోయాయని అక్కడి పత్రికలు ఎన్నోసార్లు లెక్క కట్టాయి. 2012లో న్యూయార్క్‌లో షేర్లు అమ్మినప్పుడు, ఒక్కోటి 14 డాలర్లు, వచ్చిన డబ్బులో సగం అప్పుకి పోయింది, మిగతా సగం నేరుగా గ్లేజర్ల జేబులోకి. క్లబ్‌కి మిగిలిందేమీ లేదు. ఇక ట్రోఫీలంటావా, అవి అప్పు ఉన్నా వచ్చాయి, కోచ్‌గా ఫెర్గూసన్ ఉన్నాడు కాబట్టి వచ్చాయి. 2009లో రొనాల్డోని 80 మిలియన్లకి రియల్ మాడ్రిడ్‌కి అమ్మారు, ఆ సమ్మర్‌లో వచ్చిందెవరు? వాలెన్సియా, ఒబెర్టాన్, ఫ్రీగా మైకేల్ ఓవెన్, ఆ ఓవెన్‌కే రొనాల్డో వేసుకున్న 7వ నంబర్ చొక్కా. మిగతా డబ్బు ఏమైందని అప్పుడెవరూ గట్టిగా అడగలేదు, ఎందుకంటే 2011లో మళ్ళీ లీగ్ గెలిచాం.

స్ట్రెట్‌ఫర్డ్_శీను

రాయుడన్నా బిలియన్ పోయింది, ఒప్పుకుంటా. కానీ ఫెర్గూసన్ వెళ్ళిన 2013 తర్వాత అదే క్లబ్ ఆటగాళ్ళ మీద బిలియన్ కన్నా ఎక్కువే పెట్టిందిగా. డబ్బు లేక కొనలేదని ఎవరైనా అనగలరా? ఇచ్చిన డబ్బుతో చెత్త తెచ్చారు. పోగ్బా 2022లో ఫ్రీగా వెళ్ళిపోయాడు. 89 మిలియన్ల మనిషి రూపాయి రాకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది తప్ప ఇది అప్పులోళ్ళ కష్టంలా లేదు.

గన్నర్_గుంటూరు

మీ ఇంటి గొడవలో దూరుతున్నందుకు సారీ. అప్పంటే మా ఆర్సెనల్‌దీ అప్పే. 2006లో ఎమిరేట్స్ స్టేడియం కట్టాం, 390 మిలియన్ల ఖర్చు, ఆ ఈఎంఐలు కడుతూ ప్రతి ఏడూ మంచి ఆటగాడిని అమ్ముకుంటూ 2005 నుంచి 2014 దాకా ఒక్క కప్పు లేకుండా మీ చేత తిట్లు తిన్నాం. టాటెన్‌హామ్ వాళ్ళు బిలియన్ పెట్టి 2019లో స్టేడియం తెరిచారు, వాళ్ళదీ అప్పే. కానీ మా అప్పు ఎక్కడుందో చూపించమంటే రోడ్డు మీద నిలబెట్టి చూపిస్తాం, అదిగో అరవై వేల సీట్లు. మీ అప్పు ఎక్కడుంది? 2024 మేలో మీ గ్రౌండ్‌లో మా మ్యాచ్ అయిపోగానే వాన పడితే స్టాండ్ పైకప్పు నుంచి జలపాతం దూకింది గుర్తుందా, మేం 1-0 గెలిచాం కూడా. బోనస్‌గా 2025లో బిల్బావోలో యూరోపా ఫైనల్ కూడా ఆ టాటెన్‌హామ్ చేతుల్లోనే ఓడిపోయారు.

కాకినాడ_కాంటోనా

గుంటూరు తమ్ముడు ఎగతాళి చేసినా పాయింట్ మాత్రం అదే. మన స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పెద్ద విస్తరణ చివరిసారి ఎప్పుడు? 2006. మూలల్లో సీట్లు కట్టారు, అదీ గ్లేజర్లు రాకముందు అనుకున్న పని. ఇరవై ఏళ్ళు ఇంటికి సున్నం కూడా వేయకుండా వాడుకుని ఇప్పుడు రెండు బిలియన్లతో లక్ష సీట్ల కొత్తది కడతాం, ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ డిజైన్ అని 2025 మార్చిలో బొమ్మలు చూపించారు. డబ్బు ఎక్కడిదో చెప్పలేదు.

ఎంసిఆర్_తెలుగోడు

నేను ఇక్కడే మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నా, గ్రౌండ్‌కి ట్రామ్‌లో పావుగంట. టీవీలో చూసేవాళ్ళకి తెలియనిది ఒకటి చెప్తా. 2024 చివర్లో సీజన్ మధ్యలో మెంబర్ల టికెట్ 66 పౌండ్లు చేశారు, పిల్లలకి, పెద్దవాళ్ళకి తగ్గింపు లేదు. నేను అంతకుముందు ఒక్కసారే వెళ్ళా, మా పక్క సీట్లో ఒక తాతగారు మనవడితో వచ్చాడు, యాభై ఏళ్ళుగా వస్తున్నాడట, మధ్యలో ఒకసారి పైకి చూపించి "ఇక్కడ కూర్చుంటే టోపీ పెట్టుకో" అన్నాడు. నేను జోక్ అనుకున్నా. హాఫ్ టైమ్‌కి మెడ మీద చుక్క పడింది. ఆ తాతకి 66 చెప్పి, 2024లో క్లబ్‌లో వాటా కొన్న రాట్‌క్లిఫ్ ఆఫీసులో 250 ఉద్యోగాలు పీకి, మళ్ళీ ఇంకో 200 దాకా అని, ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం ఫ్రీ భోజనం తీసేసి పళ్ళు పెట్టారు. ట్రెయినింగ్ గ్రౌండ్ స్టాఫ్‌కి సూపు, శాండ్‌విచ్. ఆటగాళ్ళకి మాత్రం మామూలు భోజనమే.

మౌనిక_7

సూపు మిగిల్చి ఏం చేశారో కూడా చెప్పండి మరి. కోచ్ టెన్ హాగ్‌కి 2024 జూలైలో కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబర్లో తీసేశారు. స్పోర్టింగ్ డైరెక్టర్‌గా డాన్ ఆష్‌వర్త్‌ని న్యూకాసిల్‌తో నెలల తరబడి బేరమాడి తెచ్చుకుని ఐదు నెలల్లో పంపేశారు. ఇద్దరినీ, టెన్ హాగ్ సిబ్బందినీ ఇంటికి పంపడానికే 14.5 మిలియన్. ఎన్ని గిన్నెల సూపో మీరే లెక్కేసుకోండి. ఇది గ్లేజర్ల ఖాతాలో వేయలేం, ఇది కొత్తాయన రాట్‌క్లిఫ్ వచ్చాక జరిగిందే. కాబట్టి నేను శీను పార్టీ.

లెక్కల_రాయుడు

మౌనిక గారూ ఆ 14.5 దగ్గర మీతో వాదించను, తప్పే. కానీ "కొనుగోళ్ళు వేరు, అప్పు వేరు" అని మీరిద్దరూ అనుకుంటున్నారు, అక్కడే తేడా కొడుతోంది. ఈ రోజుల్లో ఆటగాణ్ణి ఎవరూ రొక్కం ఇచ్చి కొనరు, వాయిదాల మీద కొంటారు. పుస్తకంలో మాత్రం ధరని కాంట్రాక్ట్ ఏళ్ళకి పంచుతారు, 80 మిలియన్లకి ఐదేళ్ళ కాంట్రాక్ట్ అంటే ఏడాదికి 16 చొప్పున ఖర్చు, జీతం దాని మీద అదనం. ఆటగాడు బాగా ఆడినా, బెంచీ మీద కూర్చున్నా, వేరే క్లబ్‌కి ఆడమని అప్పుగా ఇచ్చినా ఆ 16 ఆగదు. 2025 మార్చిలో రాట్‌క్లిఫ్ బీబీసీతో చెప్పింది ఇదే, ఆ సమ్మర్‌లో కట్టాల్సింది కొత్తవాళ్ళకి కాదు, ఎప్పుడో కొన్న ఆంటొనీ, కాసెమిరో, ఒనానా, హొయ్‌లుండ్, సాంచోల బాకీ అని. సాంచో అప్పటికి అలా అప్పు మీద వెళ్ళి చెల్సీకి ఆడుతున్నాడు, వాడి మీద ఇంకా 17 మిలియన్ బాకీ. మనం ఈఎంఐ కడుతున్న బండి మీద పక్కింటోడు సినిమాకి వెళ్ళడం అంటే ఇదే. చివరికి వాణ్ణి కొనాల్సిన చెల్సీ కూడా వద్దని 5 మిలియన్ జరిమానా కట్టి మరీ వెనక్కి పంపింది, అది వేరే అవమానం.

అంటే గ్లేజర్ల 650 మిలియన్ డాలర్ల అప్పు పక్కన, ఆటగాళ్ళ వాయిదాల రూపంలో వందల మిలియన్ల ఇంకో అప్పు పేరుకుంది. ఏటా వడ్డీకి పోయే డబ్బు చేతిలో ఉంటే ఈ వాయిదాలు ఇంత బరువు అనిపించేవి కావు.

ఇంకోటి, 2024లో ఉన్న లీగ్ రూలు ప్రకారం మూడేళ్ళలో నష్టం 105 మిలియన్లు దాటకూడదు. అకాడమీలో పెరిగిన పిల్లాడికి పుస్తకంలో ఖర్చు సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకే 2024లో మెక్‌టామినేని నాపోలికి 25 మిలియన్లకి అమ్మేశారు. అక్కడ మొదటి సీజన్లోనే ఇటలీ టైటిల్, లీగ్ ఉత్తమ ఆటగాడు. ఇంటి చెట్టు కాయ అమ్మి బజార్లో పుచ్చు కాయ కొన్నట్టు.

కరీంనగర్_కీన్

గా మెక్‌టామినే ముచ్చట ఎత్తకన్నా, కడుపు మండుతది. అయినా మీరంతా ఓనర్ ఎవడని లొల్లి చేస్తున్నరు గని మన దగ్గర ఏమైందో చూసిన్రా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022ల గోవాల కేరళని పెనాల్టీలల్ల ఓడగొట్టి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చింది, కట్టిమని గోల్‌ల నిలవడి ఎట్ల ఆపిండు, ఇప్పటికీ వీడియో చూస్త. రెండేండ్లు తిరగకముందే జీతాల్లేక ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఎల్లిపాయె. ఇప్పుడు క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు సుత మారింది. గచ్చిబౌలిల జెండా పట్టుకున్నోళ్ళం ఏం జెయ్యాలె? యునైటెడోళ్ళకి వాన నీళ్ళు కారుతున్నయని బాధ, మాకు కారనీకి కప్పే లేదు.

గన్నర్_గుంటూరు

దీనికి మాత్రం జోక్ వెయ్యలేకపోతున్నా అన్నా.

కాకినాడ_కాంటోనా

శీను, నిన్నొకటి అడుగుతా. రాట్‌క్లిఫ్ 2024 ఫిబ్రవరిలో 27.7 శాతం వాటా కొన్నాడు, దాదాపు 1.25 బిలియన్ పౌండ్లు. అందులో క్లబ్‌కి వచ్చింది ఎంత? స్టేడియం పనులకని 300 మిలియన్ డాలర్లు. మిగతాది గ్లేజర్లకి, ఇతర వాటాదారులకి పోయింది. కొన్నవాడు డబ్బు పెట్టాడు, క్లబ్ అప్పు మాత్రం తగ్గలేదు. పైగా గ్లేజర్ల షేరుకి పది ఓట్లు, మామూలు షేరుకి ఒకటి, కాబట్టి పెత్తనం ఇంకా వాళ్ళదే. పోగ్బాని తెచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ ఎవరనుకున్నావ్? 2005లో గ్లేజర్లు క్లబ్ కొనేటప్పుడు బ్యాంకు తరఫున ఆ డీల్‌కి సలహా ఇచ్చినవాడు. డీల్ కుదిర్చినవాడికే క్లబ్ నడిపే పని ఇచ్చారు. నువ్వు తిడుతున్న షాపింగ్ చేసినవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు మరి?

స్ట్రెట్‌ఫర్డ్_శీను

వుడ్‌వర్డ్ పాయింట్ దెబ్బేశావ్ అన్నా, నేనా వైపు ఆలోచించలేదు. సరే కొంచెం మారుస్తా నా మాట. అప్పు వల్ల మ్యాచ్‌లు ఓడిపోలేదు, అప్పు వల్ల స్టేడియం పోయింది. మ్యాచ్‌లు ఓడింది కొనడం రాక. కొనడం రానివాణ్ణి పెట్టింది మాత్రం అప్పు తెచ్చినవాళ్ళే. కానీ ఇంతకుమించి తగ్గను, ఎందుకంటే 2025 సమ్మర్‌లో కూడా కున్యా, ఎంబ్యూమో, షెష్కో అని 200 మిలియన్లు దాటించారు, డబ్బు లేని ఇంట్లో జరిగే పని కాదిది.

లెక్కల_రాయుడు

అవి కూడా వాయిదాలే నాయనా. ఇంకా ఉంది, ఆ పాత అప్పులో 425 మిలియన్ డాలర్ల బాండ్లకి గడువు 2027. వడ్డీ 3.79 శాతం, డబ్బు చౌకగా దొరికిన రోజుల్లో తీసుకున్నవి. ఆ రేటుకి ఇప్పుడు ఎవడిస్తాడు? పైగా అప్పటికి స్టేడియానికి కూడా అప్పు కావాలి. 2027లో ఇదే టాపిక్ పైకి లాగుదాం.

మౌనిక_7

శీనూ, ముందు టైటిల్ మార్చు.

స్ట్రెట్‌ఫర్డ్_శీను

ఎడిట్ టైమ్ అయిపోయింది అక్కా. రూమ్మేట్‌కి ఇదంతా చదివి వినిపించా, "నేను చెప్పిందేగా" అని గెలిచిన పార్టీ కింద ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఆర్డర్ పెట్టాడు. నా ఫోన్లో, నా కార్డు మీద.

కరీంనగర్_కీన్

మీ రూమ్మేట్ ఇంటిపేరు గ్లేజరా ఏంది?