దొంగ బంగారం కొన్న షాపువాడు సాక్షా, ముద్దాయా?

తెనాలి_కుర్రోడు:
పేపర్లో ఎప్పుడూ ఒకటే ఫొటో. బల్ల మీద గొలుసులు, వెనక ముసుగులేసిన ఇద్దరు కుర్రాళ్లు, పక్కన పోలీసులు. ఆ గొలుసులు కొన్నవాడు మాత్రం ఫొటోలో ఉండడు. మా పిన్ని మెడలో నాలుగు కాసుల తాడు తెంపుకుపోయారు. దొంగ దొరికాడు. పక్క జిల్లాలో ఒక షాపులో అమ్మాడట. ఆ షాపాయన సంగతేంటని అడిగితే, "ఆయన సాక్షి అండీ" అన్నారు. తెల్లారేలోపు కొని కరిగించేసినవాడు సాక్షి ఎలా అవుతాడు? నన్నడిగితే, తెలిసి కొన్నాడా తెలియక కొన్నాడా అన్న వాదనే వద్దు. దొంగ సొత్తు కొన్న ప్రతి షాపువాడినీ ముద్దాయిని చేయాలి.

బట్టీ_బాబాయ్:
తమ్ముడూ, మీ పిన్నిగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ బంగారం కొనే షాపువాళ్లం, మా వైపు కూడా విను. ఒకావిడ వచ్చి పిల్లాడి ఫీజు కట్టాలని గాజులు తీసి బల్ల మీద పెడుతుంది. బిల్లు ఉందా అమ్మా అంటే, "పెళ్లికి మా అమ్మ పెట్టింది, బిల్లెక్కడిది?" అంటుంది. అందులో అబద్ధం ఏముంది? మన ఇళ్లలో పాత బంగారానికి బిల్లు దాచినవాళ్లు ఎందరు? గీటురాయి మీద గీస్తే నాణ్యత తెలుస్తుంది గానీ ఎవరి మెడలోదో తెలియదు.

ఇక దొంగసొత్తు రికవరీ సంగతి. వేరే జిల్లా నుంచి క్రైమ్ పార్టీ పోలీసులు వస్తారు. జీపులో కూర్చున్న దొంగ మన షాపు వైపు వేలు చూపిస్తాడు. అంతే. "ఐదు కాసులు తీయి, లేకపోతే దొంగసొత్తు కొన్నావని సెక్షన్ 411 కింద నువ్వూ ఎక్కు." నేను కొన్నది రెండు కాసులయ్యా అంటే వినేవాడు లేడు. నోటీసు ఉండదు, రశీదు ఉండదు. బజార్లో పరువు పోతుందని కొత్త బంగారం తూచి ఇచ్చి పంపినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. నువ్వు చెప్పే చట్టం వస్తే అప్పుడు ఐదు కాదు, పది తీయమంటారు.

క్రిమినల్_సైడ్:
వృత్తి వకాల్తా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. మీరిద్దరూ రెండు వేరే ప్రశ్నల్ని ఒకే మూట కట్టేస్తున్నారు. జైలుకు ఎవరు పోవాలన్నది ఒకటి, బంగారం ఎవరిదన్నది ఇంకొకటి.

మొదట జైలు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 411 ఇప్పుడు 317లో ఉంది. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకుంటే మూడేళ్ల వరకూ జైలు. అదే పనిగా దొంగసొత్తు వ్యాపారం చేస్తే పదేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. మామూలు దొంగతనానికి 303 కింద మొదటిసారి గరిష్ఠం మూడేళ్లే. అంటే తెనాలి గారూ, కొనడమే వృత్తిగా పెట్టుకున్నవాడిని చట్టం దొంగ కంటే పెద్ద నేరస్తుడిగానే చూస్తోంది. ఇంగ్లండులో ఇంకా సూటిగా ఉంటుంది: 1968 నాటి దొంగతనాల చట్టం కింద దొంగతనానికి గరిష్ఠం ఇప్పుడు ఏడేళ్లు, దొంగసొత్తు చేతులు మార్చినవాడికి పద్నాలుగు.

చిక్కంతా "తెలిసి" అన్నది రుజువు చేయడంలో ఉంది. 2022లో మధ్యప్రదేశ్ కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. దోచుకున్న పాత్రలు కొన్నాడన్న ఆరోపణ మీద కింది కోర్టులు శిక్ష వేసిన మనిషిని వదిలేశారు. తక్కువ ధరకు కొన్నాడన్న ఒక్క కారణంతో దొంగసొత్తని అతనికి తెలుసనలేం అన్నారు. సహనిందితుడు పోలీసులకు చెప్పిన మాట కూడా చాలదన్నారు. జీపులోంచి వేలు చూపించినంత మాత్రాన శిక్ష పడదు బాబాయ్ గారూ.

ఇక బంగారం. ఇక్కడ మీకు నచ్చని సంగతి చెప్పాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 27: అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. మీరు ఎంత నిజాయితీగా కొన్నా, పూర్తి ధర ఇచ్చినా, ఆ తాడు పోగొట్టుకున్న ఆవిడదే. నిజాయితీ మిమ్మల్ని జైలు నుంచి కాపాడుతుంది గానీ సొత్తు మీద హక్కు ఇవ్వదు.

బట్టీ_బాబాయ్:
మరి నా డబ్బు?

క్రిమినల్_సైడ్:
క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే చట్టం ఉంది: పాత సీఆర్‌పీసీలో 453, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి సురక్షా సంహితలో 499. దొంగకు శిక్ష పడి, అరెస్టు నాడు వాడి దగ్గర డబ్బు పట్టుబడి ఉంటే, తెలియక కొన్నవాడు సొత్తు తిరిగిచ్చాక అందులోంచి అతనికి ఇప్పించవచ్చు. జేబులో ఏమీ దొరకకపోతే దొంగ మీద సివిల్ దావా వేసుకోవాలి. దాంతో ఎంత వస్తుందో మీకే తెలుసు.

హనుమకొండ_స్వాతి:
ఆ ఐదు కాసుల కథ నిజమే. మా మేనమామది చిన్న తాకట్టు షాపు. కానీ రెండో వైపు కూడా నేను చూశాను. అదే బజార్లో పేరూ ఊరూ అడగని షాపులు ఉంటాయి. మూడు తులాల గొలుసు, కొక్కెం దగ్గర తెగి ఉంటుంది, తెచ్చింది ఇరవై ఏళ్ల పిల్లగాడు. సాయంత్రానికి అది ముద్ద. అక్కడ "నాకేం తెలుసు" అంటే ఎవరు నమ్ముతారు? తెగిన గొలుసును చూసి కూడా అడగలేదంటే తెలుసుకోవద్దనే అడగలేదు.

తెనాలి_కుర్రోడు:
స్వాతి గారూ, నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా!

హనుమకొండ_స్వాతి:
కాదండీ. మీరు అందర్నీ లోపలేయమంటున్నారు. నేను కొన్న తీరు చూడమంటున్నాను. ఆధార్ తీసుకున్నాడా, రిజిస్టర్లో రాశాడా, కెమెరా ఉందా, డబ్బు బ్యాంకులో వేశాడా? పదివేలు దాటి నగదుగా కొంటే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. అయినా లక్షల సరుకు నగదు మీద కొన్నాడంటే, ఎందుకని అడగొద్దా?

డల్లాస్_మావయ్య:
ఇక్కడ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పాత నగలు కొన్న డీలరు వెంటనే కరిగించకూడదు. కొన్నాళ్లు ఉన్నది ఉన్నట్టు పెట్టాలి, వివరాలు పోలీసులకు పంపాలి. మన దగ్గర హాల్‌మార్క్ నంబరు వచ్చింది కదా, దాన్ని పట్టుకుని దొంగసొత్తు దొరకబట్టలేరా?

బట్టీ_బాబాయ్:
మావయ్య గారూ, ఆ ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. కానీ అది నగ స్వచ్ఛతకు ముద్ర, కొన్నవాళ్ల పేరు అందులో ఉండదు. అమ్మమ్మల నాటి నగల మీద అదీ ఉండదు. బట్టీలో పడితే ఏ నంబరైనా ఒకటే.

కరిగించకుండా ఆపమంటే వారమైతే సరే, నేను ఒప్పుకుంటాను. నెల అంటే మాత్రం నా పెట్టుబడి అంతా ఇనప్పెట్టెలో కూర్చుంటుంది. రేటు పడితే ఆ నష్టం ఎవరిది?

క్రిమినల్_సైడ్:
వారం అన్న మాట మంచిదే. లాగేసిన గొలుసు మీద ఫిర్యాదు సాధారణంగా ఆ రోజే వస్తుంది. ఫొటో, బరువు స్టేషన్ల మధ్య తిరగడానికి వారం సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. దొంగతనం జరిగిన కొద్ది రోజుల్లోనే సొత్తు ఎవరి దగ్గరైనా దొరికితే, సరైన సంజాయిషీ లేనప్పుడు అతను దొంగో, తెలిసి తీసుకున్నవాడో అని కోర్టు ఊహించుకోవచ్చు. సాక్ష్య చట్టంలో ఇది ఎప్పటి నుంచో ఉన్న సూత్రమే. రిజిస్టరూ కెమెరా ఉన్న షాపుకు సంజాయిషీ చేతిలో ఉన్నట్టే. లేనివాడు చెప్పుకోవాలి. అందర్నీ ముద్దాయిల్ని చేయకుండానే పని జరుగుతుంది.

తెనాలి_కుర్రోడు:
సరే, రిజిస్టరు పెట్టారే అనుకుందాం. అది చూసేదెవరు? అదే పోలీసులు కదా. బాబాయ్ చెప్పినట్టు రశీదు లేకుండా ఐదు కాసులు పట్టుకుపోయేవాళ్లు రిజిస్టరు చూసి ఏం చేస్తారు? ఇంకో సంగతి, ఏదో ఒక బంగారం రికవరీ అయ్యిందని రాశారు గానీ, మా పిన్నికి ఇంతవరకూ గ్రాము రాలేదు. కేసు తేలేదాకా ఆగమంటున్నారు.

క్రిమినల్_సైడ్:
అలా ఆగక్కర్లేదు. 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: నగల్లాంటి విలువైన సొత్తును స్టేషన్లో మగ్గబెట్టొద్దు, పంచనామా రాసి, ఫొటోలు తీసి, బాండు తీసుకుని సొంతదారుకు అప్పగించండి అని. సురక్షా సంహిత 497 కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయించండి. పెళ్లి ఫొటోలో తాడు కనబడితే అది జత చేయండి. కరిగించేశారంటున్నారు కాబట్టి ముద్ద తనదేనని చూపించడం కష్టమే, షాపాయన వాంగ్మూలం అక్కడే పనికొస్తుంది. ఆయన సాక్షిగా ఉండటం మీ పిన్నిగారికే మేలు.

తెనాలి_కుర్రోడు:
ఆ చివరి మాట మింగుడు పడట్లేదు సర్. పిటిషన్ మాత్రం సోమవారం వేయిస్తాం. షాపాయన వాంగ్మూలం కాపీ అడిగితే ఇస్తారా?