ట్రైనింగ్‌లో నేర్చుకున్నది వార్డులో చేస్తున్నారో లేదో ఎలా కొలుస్తున్నారు మీరంతా?

క్లాస్_సిస్టర్:

అందరికీ నమస్తే. చాలా ఏళ్లు వార్డులో చేసి ఈమధ్యే ట్రైనింగ్ డ్యూటీలోకి మారాను, అందుకని ప్రశ్న కొంచెం చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే సర్దుకోండి. మా నర్సులకి రెండు ట్రైనింగులు ఇచ్చాం, ఒకటి హ్యాండ్ హైజీన్, ఇంకోటి ఎస్‌బార్ పద్ధతిలో హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి తర్వాతివాళ్లకి అప్పజెప్పడం), అంటే ముందు ఇప్పటి పరిస్థితి, తర్వాత వెనక జరిగింది, తర్వాత మనకేమనిపిస్తోంది, చివర్లో ఏం చెయ్యాలి అనే వరసలో చెప్పడం. క్లాసు అయ్యాక టెస్ట్ పెడితే అందరూ బాగా రాశారు, ఫీడ్‌బ్యాక్ ఫారాల నిండా చాలా బాగుంది, చాలా ఉపయోగపడింది అనే ఉంది. మూడు నెలలయ్యాక సూపరింటెండెంట్ మేడం ఒక్క ముక్క అడిగారు, అదంతా సరే, వార్డులో చేస్తున్నారా అని. నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు 40 ప్రశ్నలతో ఒక ఫారం తయారు చేశా, "నేర్చుకున్నది రోజూ వాడుతున్నాను" లాంటి వాక్యాలు, ఎదురుగా 1 నుంచి 5 దాకా టిక్ పెట్టాలి. ఇది సరిపోతుందా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

ఇన్‌ఫెక్షన్_కంట్రోల్:

సరిపోదు సిస్టర్, సూటిగా చెప్తున్నా ఏమనుకోకండి. హ్యాండ్ హైజీన్ చేస్తున్నావా అని అడిగితే ఎవరైనా 4 లేదా 5 పెడతారు, అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే చేస్తున్నామనుకుంటారు. పక్కన నిలబడి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది.

చూడటానికి డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతి ఉంది కదా, 2009 గైడ్‌లైన్స్ నుంచి అందరూ వాడుతున్నదే, అయిదు సందర్భాలు: పేషెంట్‌ని ముట్టుకునే ముందు, శుభ్రంగా చెయ్యాల్సిన ప్రొసీజర్ ముందు, రక్తం లాంటివి అంటుకునే ప్రమాదం తర్వాత, పేషెంట్‌ని ముట్టుకున్నాక, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్నాక. ఇక్కడ అసలు సంగతేంటంటే మీరు లెక్కపెట్టాల్సింది ఎన్నిసార్లు చేతులు కడిగారు అని కాదు, కడగాల్సిన అవకాశాలు ఎన్ని వచ్చాయి, అందులో ఎన్నిట్లో కడిగారు అని. ఒకావిడ గంటలో పదిసార్లు రాసుకుంటుంది, ఆవిడకి ముప్పై అవకాశాలు వచ్చి ఉండొచ్చు. ఇంకొకావిడ రెండుసార్లే, కానీ వచ్చినవే రెండు. కింద ఆ సంఖ్య లేకుండా పైన సంఖ్యకి అర్థమే లేదు. ఒక్కో సెషన్ 20 నిమిషాలు అటూ ఇటూగా చూడండి, ఒక వార్డు గురించి ఏమైనా అనాలంటే 200 అవకాశాలైనా పోగవ్వాలి. గ్లవ్స్ వేసుకుంటే హ్యాండ్ హైజీన్ చేసినట్టు కాదు, కొత్తగా ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఇక్కడే తప్పు టిక్ పెడతారు.

ఇక మనం ఫైలు పట్టుకుని నిలబడితే అందరూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోతారు, అది తప్పదు. దానికి అడ్డుగా నేను హ్యాండ్ రబ్ ఎంత ఖర్చవుతోందో కూడా చూస్తా. 1000 పేషెంట్ డేస్‌కి (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒకటి) కనీసం 20 లీటర్లు అనేది డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన గీత. ఆడిట్‌లో మంచి శాతం వచ్చి బాటిళ్లు మాత్రం తరగకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

నైట్‌డ్యూటీ_నర్స్:

పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ కొలిచేవాళ్లంతా పొద్దున పది గంటలకే ఎందుకొస్తారండీ, ఒకసారి రాత్రి మూడింటికి రండి. నేను రెండు ట్రైనింగులూ చేశా, టెస్ట్‌లో ఫుల్ మార్కులు, అయినా మొన్న నన్ను ఎవరైనా గమనించి ఉంటే సున్నా వేసేవాళ్లు, ఎందుకంటే బెడ్ దగ్గర హ్యాండ్ రబ్ బాటిల్ ఖాళీ, స్టోర్ తాళం ఇన్‌ఛార్జ్ దగ్గర, ఆవిడ ఇంటి దగ్గర, సింక్ వార్డు ఆ చివర, ఈ చివర ఒక పేషెంట్ ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతూ ఉంది, ఇప్పుడు నేను చేతులు కడుక్కోడానికి వెళ్లనా పేషెంట్ దగ్గరికి వెళ్లనా మీరే చెప్పండి.

ఎస్‌బార్ సంగతి ఇంకో కథ. డాక్టర్‌కి ఫోన్ చేసి వరసగా మొదలుపెడితే "అవన్నీ వద్దు, బీపీ ఎంతో చెప్పు" అంటారు, నాలుగో ముక్క, అదే మనకేం కావాలో చెప్పేది, అక్కడిదాకా వెళ్లనిస్తే కదా. హ్యాండోవర్‌లో సీనియర్ అక్క "క్లాసులో సంగతులు క్లాసులోనే, ఇక్కడ తొందరగా చెప్పు, బస్సు పోతుంది" అంటుంది. నాకు రాదనా, నన్ను చెయ్యనివ్వలేదనా? మీ ఫారంలో ఈ రెండూ ఒకే గడిలో పడతాయి.

దారినపోయే_దానయ్య:

ట్రైనింగ్‌లో నేర్పిందాంట్లో 10 శాతమే పనిలోకి వస్తుందని రీసెర్చే తేల్చింది కదా, ఇంత శ్రమ ఎందుకు.

థీసిస్_తలనొప్పి:

ఆ 10 శాతం మాట ఎక్కడపడితే అక్కడ కనపడుతుంది గానీ అది ఎవరూ కొలిచిన లెక్క కాదండీ. 1982లో జార్జెన్‌సన్ అనే ఆయన ఒక వ్యాసంలో "ట్రైనింగ్ వాళ్లు ఇలా అంటుంటే ఎన్నిసార్లు విని ఉంటారు" అన్న ధోరణిలో వేసిన మాట, దాని వెనక డేటా లేదు, తర్వాత వాళ్లు ఒకరి నుంచి ఒకరు ఎత్తుకుంటూ పోయేసరికి రీసెర్చ్ అయిపోయింది. నా థీసిస్ మొదటి పేజీలో నేనూ రాసేశా, గైడ్ మేడం ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

నైట్‌డ్యూటీ సిస్టర్ చెప్పిందే ఈ సబ్జెక్ట్‌లో అసలు పాయింట్. 1988లో బాల్డ్‌విన్, ఫోర్డ్ ఇచ్చిన మోడల్‌లో మూడు వైపులుంటాయి: నేర్చుకునే మనిషి, ట్రైనింగ్ తయారైన తీరు, పని చేసే చోటు. మనం మొదటి రెండూ కొలిచి మూడోది వదిలేస్తాం. కర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో కూడా మీరిప్పుడు రెండు ఎక్కారు, నచ్చిందా, నేర్చుకున్నారా. మేడం అడిగింది మూడోది, పనిలో చేస్తున్నారా అని. అక్కడికి ప్రశ్నాపత్రంతో ఎక్కలేం, అలాగని ఫారం పూర్తిగా పారెయ్యకండి, దాన్ని వేరే పనికి వాడండి. నువ్వు చేస్తున్నావా అని కాదు, చెయ్యడానికి ఏం అడ్డొస్తోంది అని అడగండి. వస్తువులున్నాయా, ఇన్‌ఛార్జ్ ఏమంటారు, తోటివాళ్లు వెక్కిరిస్తారా, అసలు వాడే సందర్భం వచ్చిందా. దీనికోసమే చేసిన ఎల్‌టీఎస్‌ఐ అనే ప్రశ్నావళి ఉంది, హోల్టన్ వాళ్లది, 2000లో వచ్చింది, అందులో ఇలాంటి 16 అంశాలు ఉంటాయి.

ఇంకోటి. ట్రైనింగ్‌కి ముందు నీకెంత వచ్చు అంటే 4 పెడతారు, క్లాసు విన్నాక తెలియనిదెంతో తెలిసొచ్చి మళ్లీ 4 పెడతారు, మనమేమో ఏమీ పెరగలేదనుకుంటాం. అందుకే క్లాసు తర్వాతే "అప్పుడెంత, ఇప్పుడెంత" రెండూ ఒకేసారి అడిగే పద్ధతి కూడా ఉంది.

ఐసీయూ_అక్క:

అన్నీ వార్డులో నిలబడి చూసేవి కావు. సీపీఆర్ తీసుకోండి, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు అని అందరికీ నోటికి వచ్చు. కానీ ఆరు నెలల్లో ఒక్క కోడ్ (గుండె ఆగిన ఎమర్జెన్సీ) కూడా రాని వార్డులో నర్సుకి ఆ చెయ్యి ఎప్పుడో పోయి ఉంటుంది, అది వార్డు తప్పూ కాదు మనిషి తప్పూ కాదు. అలాంటివాటికి మేం చెప్పకుండా బొమ్మతో డ్రిల్ పెడతాం, అంతే.

ఇన్‌ఫెక్షన్_కంట్రోల్:

అవును అక్కా. ఇంకోమాట, క్లాస్_సిస్టర్ గారూ, మేనేజ్‌మెంట్ తర్వాత ఎలాగూ "ఇన్‌ఫెక్షన్లు తగ్గాయా" అని నాలుగో మెట్టు, అంటే ఫలితాల మీదికి దూకుతుంది. తగ్గినా అది మీ క్లాసు వల్లే అని తొందరపడి ఒప్పుకోకండి. మిషిగన్‌లో 103 ఐసీయూల లెక్కలతో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే క్యాథెటర్ గొట్టం) ఇన్‌ఫెక్షన్ల మీద ప్రోనవోస్ట్ వాళ్లు చేసింది చూడండి, 2006లో అచ్చయింది, మధ్యస్థ రేటు 1000 క్యాథెటర్ రోజులకి 2.7 ఉన్నది మూడు నెలల్లో సున్నాకి దిగింది. అందరూ చెక్‌లిస్ట్ గురించే చెప్తారు. కానీ వాళ్లు కావాల్సిన సామానంతా ఒకే బండిలో పెట్టించారు, పద్ధతి తప్పితే డాక్టర్‌ని ఆపే అధికారం కూడా నర్సులకి ఇచ్చారు. క్లాసు ఒక్కటే చేసిన పని కాదు.

క్లాస్_సిస్టర్:

అందరికీ చాలా థ్యాంక్స్, నిన్నంతా ఇదే ఆలోచన. 40 ప్రశ్నల్లో 29 తీసేశా, మిగిలినవి అడ్డంకుల గురించే. హ్యాండ్ హైజీన్‌కి అవకాశాల లెక్క మొదలుపెడతా. హ్యాండోవర్ మాత్రం ఎలా చూడాలో ఇంకా తేలలేదు, పైగా ఎవరు చూడాలి? ఇన్‌ఛార్జ్‌లు చూస్తే వాళ్ల వార్డుకి వాళ్లే మార్కులు వేసుకుంటారు, నేను చూస్తే టీచర్ వచ్చిందని ఎస్‌బార్ నాటకం వేస్తారు.

థీసిస్_తలనొప్పి:

వేరే వార్డు వాళ్లని ఇద్దరిని పెట్టండి. మొదట ఒకే హ్యాండోవర్ ఇద్దరూ విని ఒకరిది ఒకరు చూడకుండా టిక్ పెట్టాలి, తర్వాత పోల్చండి, కప్పా (kappa, ఇద్దరి టిక్‌లు కాకతాళీయానికి మించి ఎంత కలిశాయో చెప్పే సంఖ్య) లెక్క వేయండి, ఊరికే శాతం చూస్తే కాకతాళీయంగా కలిసినవి కూడా అందులో కలిసిపోతాయి. ఇద్దరి టిక్‌లూ కలవకపోతే నర్సుల్ని అనేముందు మీ ఫారం వాక్యాలు సరిచేసుకోవాలి. "అంచనా స్పష్టంగా చెప్పింది" అనే వాక్యం పెట్టకండి, స్పష్టం అంటే ఒక్కొక్కరికి ఒకటి. "పేషెంట్‌కి ఏమవుతోందని తను అనుకుంటోందో నోటితో చెప్పిందా, అవునా కాదా" అని పెట్టండి. ఇంకా, పేర్లు రాయొద్దు. పేరు పడుతుందని తెలిస్తే మీకు నాటకమే దొరుకుతుంది.

నైట్‌డ్యూటీ_నర్స్:

నైట్ కూడా లెక్కలో వేస్తున్నారు కదా సిస్టర్? అప్పుడు బాటిల్ ఖాళీగా ఉంటే చూసేవాళ్లు దాన్ని ఏ గడిలో రాస్తారు, చెయ్యలేదు అనే దాంట్లోనా?

క్లాస్_సిస్టర్:

దానికి అసలు గడే పెట్టలేదు. ఇప్పుడే పెడుతున్నా.